సాన్ హువాన్ పాత టోపో షీట్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికా కొలరాడో రాష్ట్రంలోని సాన్ హువాన్ కొండలు వెండి, బంగారు గనులకు పేరు. ఆ ప్రాంతపు పాత టోపో షీట్లను, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులను, ఇప్పటి కోఆర్డినేట్లకు (అక్షాంశ రేఖాంశాలకు) సరిపెట్టడం నా పని. నన్ను అడిగేవాళ్లలో తరచూ కనిపించే అపోహలు ఇవి.

అపోహ: కాంటూరు గీతలన్నీ (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) కొలిచి గీసినవే.

కాదు. కొలిచింది శిఖరాలనూ, ఎంచుకున్న కొన్ని బిందువులనూ. మిగతాదంతా కొండను చూస్తూ చేత్తో గీసిందే. 1874 వేసవిలో హేడెన్ సర్వే అనే ప్రభుత్వ సర్వే తరఫున ఎ.డి. విల్సన్, ఫ్రాంక్లిన్ రోడా థియోడలైట్ (కోణాలు కొలిచే పరికరం) మోసుకుంటూ ఈ శిఖరాలెక్కారు. ఒకచోట గాలిలో విద్యుత్తు నిండి చుట్టూ రాళ్లు మోగడం మొదలెట్టాయనీ, థియోడలైట్ వాటిని మించి మోగిందనీ రోడా రాశాడు. పిడుగు పడేలోపు దిగి పారిపోవాల్సిన చోట ప్రతి వాగునూ కొలవడం ఎవరి తరం? ఆ సర్వే 1877 అట్లాసు షీట్లలో అంగుళానికి 4 మైళ్లు, కాంటూరుకూ కాంటూరుకూ మధ్య 200 అడుగులు. నూటయాభై అడుగుల గుట్ట రెండు గీతల నడుమ మాయమైపోవచ్చు. అది సర్వేయర్ల తప్పు కాదు, ఆ స్కేలు అంతే.

ఇంకో సంగతి. 45 డిగ్రీల వాలులో షీటు 50 మీటర్లు పక్కకి జరిగితే ఎత్తూ 50 మీటర్లు తప్పుతుంది. మైదానంలో ఎవరూ పట్టించుకోని తేడా ఇక్కడ కొంప ముంచుతుంది. అందుకే నేను వాగుల మలుపుల్ని నమ్మను, శిఖరాలనే పట్టుకుంటాను.

అపోహ: కొత్త మ్యాపులో ఎత్తు పెరిగిందంటే కొండ పెరిగినట్టే.

లెడ్‌విల్ దగ్గరి మౌంట్ ఎల్బర్ట్ 14,433 అడుగుల నుంచి 14,440 అయింది. మారింది కొండ కాదు, ఎత్తుల్ని లెక్కగట్టే డేటమ్, అంటే ఎక్కణ్నుంచి కొలవాలో చెప్పే ఆధార మట్టం.

అపోహ: గనుల సంగతి షీటు చూస్తే తెలిసిపోతుంది.

షీటు చూపేది సొరంగం నోరు వరకే. లోపల నిలిచిన నీటిని చూపదు. గోల్డ్ కింగ్ గనిలోంచి 2015 ఆగస్టు 5న బయటపడిన నీరు ఆనిమాస్ నదిని పసుపు చేసేసింది.

నన్ను బాగా బోల్తా కొట్టించింది ఎమ్మా సరస్సు. 1978 జూన్ 4న సరస్సు అడుగుభాగం కింద ఉన్న సన్నీసైడ్ గనిలోకి కూలి, నీరూ బురదా సొరంగం గుండా బయటికి తన్నుకొచ్చాయి. ఆదివారం కావడంతో లోపల ఎవరూ లేరు. పాత షీటులో మాత్రం సరస్సు నీలంగా, నిక్షేపంలా ఉంది. కొత్తలో నేను దాన్ని ఇప్పటి సరస్సుల లేయర్లోనే (మ్యాపులో సరస్సులు మాత్రమే ఉండే పొర) పెట్టేశాను. ఇప్పుడు దాని పక్కన ‘1978 వరకు’ అని రాస్తున్నాను.