యాంటీవైరస్‌కి కెర్నెల్‌లో ఏం పని?

2024 జులై 19న దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు, విండోస్ పూర్తిగా పడిపోతే వచ్చే ఆ నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ఈ లెక్క మైక్రోసాఫ్ట్ వాళ్లదే. మొత్తం విండోస్ మెషీన్లలో ఇది ఒక శాతం కూడా కాదని కూడా వాళ్లే అన్నారు. నిజమే, కానీ ఆ ఒక శాతం లోపు మెషీన్లు ఎక్కడున్నాయంటే ఎయిర్‌పోర్టుల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, టీవీ స్టేషన్లలో. కొన్ని చోట్ల బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. డెల్టా ఎయిర్‌లైన్స్ ఒక్కటే ఆ కొద్ది రోజుల్లో 7,000 దాకా విమానాలు రద్దు చేసుకుని, 50 కోట్ల డాలర్లు పోయాయని లెక్క తేల్చింది.

ఈ గొడవ గురించి ఎప్పుడు మాట్లాడినా రెండే మాటలు వినిపిస్తాయి. తప్పంతా చెడ్డ అప్‌డేట్ పంపిన సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్‌దే అని కొందరు, యూరప్ రూల్స్ వల్లే ఇదంతా అని ఇంకొందరు. రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన చిన్న డేటా ఫైలు కంప్యూటర్‌ని ఆన్ కూడా కానివ్వకుండా పడగొట్టే పరిస్థితి ఎలా వచ్చిందన్న సంగతి ఈ రెండు మాటల్లోనూ దొరకదు. అది ఒక్క రోజులో వచ్చింది కాదు, ఒక్క కంపెనీ తెచ్చింది కూడా కాదు.

ముందు ఆ రోజు సంగతి. క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల ఫాల్కన్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లో, కెర్నెల్ (అంటే మెషీన్ మొత్తం మీద అధికారం ఉన్న, ఆపరేటింగ్ సిస్టమ్ అట్టడుగు భాగం) లోపల నడిచే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది, కొత్త దాడుల్ని ఎలా పసిగట్టాలో ఆ డ్రైవర్‌కి చెప్పే ఛానెల్ ఫైళ్లు వేరుగా ఉంటాయి. డ్రైవర్ మారితే మైక్రోసాఫ్ట్ పరీక్షల గుండా పోయి డిజిటల్ సంతకం వేయించుకోవాలి, దానికి టైం పడుతుంది. ఛానెల్ ఫైళ్లకి ఆ బాధ లేదు, అవి కోడ్ కాదు డేటా మాత్రమే అన్నది లెక్క, కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపుకోవచ్చు. ఆ రోజు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం తెల్లవారుజామున 4:09కి 291 నంబరు ఛానెల్ ఫైలు కొత్తది బయల్దేరింది. ఆ ఫైలు ప్రకారం చూడాల్సిన ఇన్‌పుట్‌లు 21. డ్రైవర్ లోపలి కోడ్ అందిస్తున్నవి మాత్రం 20. అంతకుముందు పంపిన ఫైళ్లలో ఆ 21వ దాన్ని ‘ఏదైనా సరే’ అని వదిలేశారు కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు, ఈసారి మొదటిసారిగా దాన్ని చదవబోయారు, అక్కడ తమది కాని మెమరీ ఉంది. అంతే, నీలం తెర.

78 నిమిషాల్లో ఆ ఫైలుని వెనక్కి తీసుకున్నారు. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్‌కి ఆ వార్త చేరేదెలా? విండోస్ ఆన్ అవుతూనే లోడ్ చేసే రకం డ్రైవర్ అది, దాన్ని దాటేసి ముందుకు వెళ్లే అవకాశం మామూలు బూట్‌లో లేదు. చాలా చోట్ల మనిషే వెళ్లి, అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి, ఆ కీలు దాచిన సర్వర్ కూడా అదే నీలం తెరతో పడి ఉంటే ఇక ఐటీ వాళ్ల టెన్షన్ గురించి చెప్పేదేముంది.

ఇదే తప్పు మామూలు ప్రోగ్రామ్‌లో జరిగితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మూతపడేది. కెర్నెల్‌లో జరిగితే అలా కుదరదు. ఎందుకు కుదరదో తెలియాలంటే 1960ల్లోకి పోవాలి. ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి మొదలుపెట్టిన మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ‘రింగులు’ అనే ఆలోచన వచ్చింది: అన్నిటికంటే లోపలి రింగులో సిస్టమ్ గుండెకాయ, బయటికి వచ్చేకొద్దీ తక్కువ నమ్మకం, తక్కువ అధికారం. ఇంటెల్ 1982లో 286 చిప్‌లో ఇలాంటివే నాలుగు రింగులు ఇచ్చింది. 0లో కెర్నెల్, 3లో మన ప్రోగ్రాములు, మధ్యలో ఉన్న 1, 2 డ్రైవర్ల లాంటి వాటి కోసం అని ఉద్దేశం. చక్కటి ఏర్పాటు, దాదాపు ఎవరూ వాడుకోలేదు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ రకరకాల చిప్‌ల మీద నడవాలనుకుంది కాబట్టి, అన్నిట్లోనూ ఉండే రెండు స్థాయిలతోనే సరిపెట్టుకుంది. ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ కూడా అంతే. దాంతో మధ్య రింగులు ఖాళీగా పడి ఉన్నాయి, డ్రైవర్లన్నీ కెర్నెల్ పక్కనే కూర్చున్నాయి. అంటే నమ్మకం పూర్తిగా ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. మధ్య మెట్టు లేదు. నన్నడిగితే ఈ కథలో అసలు మలుపు ఇదే, మిగతావన్నీ దీని మీద కట్టినవే.

వేరే దారి లేదా అంటే ఉంది. కెర్నెల్‌ని వీలైనంత చిన్నగా ఉంచి డ్రైవర్లన్నిటినీ బయట నడిపించే మైక్రోకెర్నెల్ పద్ధతి అప్పటికే ఉంది. 1992 జనవరిలో ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్, లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ దీని మీదే అందరి ముందూ వాదులాడుకున్నారు. టానెన్‌బామ్ లెక్కలో లైనక్స్ డిజైన్ కాలం చెల్లినది. బయటా లోపలా మాటిమాటికీ తిరగడం వల్ల వేగం తగ్గుతుందన్నది మైక్రోకెర్నెల్ మీద పెద్ద ఫిర్యాదు. ఆ రోజుల్లో వేగమే గెలిచింది. 1996లో ఎన్‌టీ 4.0 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు వేసి, అప్పటిదాకా బయట నడుస్తున్న గ్రాఫిక్స్ భాగాన్ని కూడా వేగం కోసం కెర్నెల్‌లోకి లాగేసింది. దాని ఫలితం పదేళ్ల తర్వాత కూడా కనిపించింది: 2007 నాటి విండోస్ విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతం గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా డ్రైవర్లవే అని తర్వాత ఒక కోర్టు కేసులో బయటికొచ్చిన మైక్రోసాఫ్ట్ కాగితాల్లో ఉంది. (1998లో షికాగో షోలో వేదిక మీద స్కానర్ తగిలించగానే బిల్ గేట్స్ ముందే విండోస్ 98 నీలం తెర చూపించిన వీడియో గుర్తుండే ఉంటుంది. అది వేరే వంశం విండోస్, జబ్బు మాత్రం ఇదే.)

ఇక యాంటీవైరస్. అది పని చేయాలంటే ఫైలు తెరవకముందే, ప్రోగ్రామ్ మొదలవ్వకముందే దానికి తెలియాలి. అలా ముందుగా చెప్పే పద్ధతులు తొలి రోజుల విండోస్‌లో సరిగ్గా ఉండేవి కావు. అందుకని కంపెనీలు తమ దారి తామే చూసుకున్నాయి: కెర్నెల్‌లోకి ఒక డ్రైవర్‌తో దూరి, ప్రోగ్రాములు కెర్నెల్‌ని అడిగే పనులకి దారి చూపే సిస్టమ్ కాల్స్ పట్టికలో అసలు అడ్రస్ తీసేసి తమ అడ్రస్ పెట్టేవి. ఎవరు ఏ ఫైలు అడిగినా ముందు తమ దగ్గరికి రావాల్సిందే. ఇది రాతపూర్వకంగా ఎవరూ ఇచ్చిన హక్కు కాదు, ఎవరూ ఆపలేదు కాబట్టి నడిచింది. చిక్కేమిటంటే సిస్టమ్ లోపల దాక్కునే రూట్‌కిట్లు అనే దొంగ ప్రోగ్రాములు కూడా అచ్చం ఇదే చేసేవి. దొంగా పోలీసూ ఒకే కిటికీలోంచి దూకుతుంటే బయట నిలబడ్డవాడికి ఎవరు ఎవరో ఏం తెలుస్తుంది? 2005 అక్టోబర్ 31న విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ బయటపెట్టిన, మ్యూజిక్ కంపెనీ సోనీ బీఎంజీ వ్యవహారం దీనికి మంచి ఉదాహరణ. పాటల సీడీ పెడితే చాలు, కాపీ కాకుండా కాపలా కాయడానికి ఒక రూట్‌కిట్ చడీచప్పుడు లేకుండా కెర్నెల్‌లో చేరిపోయేది, ఒక ప్రత్యేకమైన అక్షరాలతో మొదలయ్యే ఫైళ్లన్నిటినీ దాచేసేది. తర్వాత వైరస్ రాసేవాళ్లు కూడా తమ ఫైళ్లకి అవే అక్షరాలు తగిలించి హాయిగా దాక్కున్నారు.

ఆ 2005లోనే మైక్రోసాఫ్ట్ 64 బిట్ విండోస్‌లో ప్యాచ్‌గార్డ్ పెట్టింది. కెర్నెల్‌లోని కీలకమైన పట్టికల్ని ఎవరైనా మార్చినట్టు కనిపిస్తే మెషీన్‌ని ఆపేయడమే దాని పని. టెక్నికల్‌గా చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ యాంటీవైరస్ కంపెనీలు సిమాంటెక్, మెకాఫీ గోల మొదలుపెట్టాయి. 2006 అక్టోబర్‌లో మెకాఫీ ఫైనాన్షియల్ టైమ్స్‌లో ఫుల్ పేజీ ప్రకటన కూడా ఇచ్చింది. వాళ్ల బాధ నటన అనుకోలేం, ఎందుకంటే సరిగ్గా అదే ఏడాది మైక్రోసాఫ్ట్ వన్‌కేర్ పేరుతో సొంత యాంటీవైరస్ అమ్మడం మొదలుపెట్టింది. తలుపు మూసే చేయీ, లోపల దుకాణం పెట్టే చేయీ ఒకటే అయితే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? చివరికి మైక్రోసాఫ్ట్ కొంత తగ్గింది. ప్యాచ్‌గార్డ్ ఉంటుంది, పట్టికలు మార్చడం కుదరదు, కానీ కెర్నెల్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకునే అధికారిక పద్ధతులు ఇస్తామంది. 2008లో విస్టా సర్వీస్ ప్యాక్ 1తో అవి వచ్చాయి. అంటే గోడ దూకడం ఆగిపోయింది, కానీ డ్రైవర్ ఉండేది మళ్లీ కెర్నెల్‌లోనే.

2009లో యూరోపియన్ కమిషన్‌తో పోటీ కేసులు తెంచుకునేటప్పుడు మైక్రోసాఫ్ట్ ఒక హామీ ఇచ్చింది, తన సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వాడుకునే ఏపీఐలనే (విండోస్‌తో మాట్లాడే అధికారిక దారులనే) బయటి కంపెనీలకీ ఇస్తానని. 2024లో గొడవ జరిగాక మైక్రోసాఫ్ట్ ప్రతినిధి వాల్ స్ట్రీట్ జర్నల్‌కి ఈ ఒప్పందాన్నే చూపించి, ఆపిల్‌లా మేం తలుపు మూయలేం అన్నాడు. అక్కడి నుంచే ‘యూరప్ వల్లే’ అన్న మాట పాకింది. నాకు ఈ వాదన సగమే మింగుడు పడుతుంది. ఆ హామీ సారం సమానత్వం, కెర్నెల్ కాదు. మైక్రోసాఫ్ట్ తన సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ని బయటికి తెచ్చి, అందరికీ అదే బయటి దారి ఇచ్చి ఉంటే హామీ నిలబడేది, కెర్నెల్ కూడా శుభ్రంగా ఉండేది. ఆ పని చేయడానికి పదిహేనేళ్లు దొరికాయి.

మధ్యలో హెచ్చరికలు లేవా అంటే ఉన్నాయి. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన 5958 నంబరు అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3లోని ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది, మెషీన్లు మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. అది కెర్నెల్ డ్రైవర్ లోపం కాదు. కానీ సరిగ్గా పరీక్షించని డేటా ఫైలుని అందరికీ ఒకేసారి వదిలేయడం అన్న తప్పు మాత్రం అచ్చు ఇదే. అప్పట్లో మెకాఫీ సీటీఓగా (టెక్నాలజీ అధిపతిగా) ఉన్న జార్జ్ కర్ట్జ్ తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ పెట్టినవాళ్లలో ఒకడు, 2024లో దాని సీఈఓ. ఇది చదివి నవ్వాలో ఏం చేయాలో తెలీదు. ఇంకో విషయం, క్రౌడ్‌స్ట్రైక్ కస్టమర్లు డ్రైవర్ వెర్షన్‌ని ఒకటి రెండు అడుగులు వెనక పెట్టుకునే వీలుంది, అలా జాగ్రత్తపడ్డవాళ్లు కూడా జులై 19న పడిపోయారు. ఆ జాగ్రత్త ఛానెల్ ఫైళ్లకి వర్తించదు.

ఆపిల్ 2019లో కాటలీనా అనే మ్యాక్ వెర్షన్‌తో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లకి (బయటి కంపెనీలు కెర్నెల్‌లో నడిపే కోడ్‌కి) మెల్లగా సెలవు చెప్పడం మొదలుపెట్టింది, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ బయట నడిచేలా వేరే దారి ఇచ్చింది. 32 బిట్ యాప్స్‌ని కూడా అదే వెర్షన్‌లో పీకేసిన కంపెనీ అది, పాతవాటిని తెంపుకోవడం దానికి అలవాటే. ఇరవై ఏళ్ల నాటి ప్రింటర్ కూడా పనిచేయాలని కోరుకునే జనం ఉన్న విండోస్‌కి అంత సులువు కాదు, అది ఒప్పుకోవాలి.

గేమ్స్ ఆడేవాళ్లు ఇక్కడ ఆగి వినాలి, ఎందుకంటే ఇది ఆఫీసు కంప్యూటర్ల గోల మాత్రమే కాదు. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 పీసీ అప్‌డేట్‌తో వచ్చిన ఒక డ్రైవర్, మెషీన్‌లోని ఏ ప్రోగ్రామ్ అడిగినా దాని కోడ్‌ని కెర్నెల్ అధికారంతో నడిపించేది. గొడవయ్యాక క్యాప్‌కామ్ దాన్ని వెనక్కి తీసుకుంది. 2022లో గెన్షిన్ ఇంపాక్ట్ గేమ్‌లో మోసాల్ని పట్టే యాంటీచీట్ డ్రైవర్‌ని, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాడిలో వాడుకున్నారు. బాధితుల మెషీన్‌లో ఆ గేమ్ ఉండాల్సిన అవసరం కూడా లేదు, సంతకం ఉన్న డ్రైవర్ కదా, తామే తెచ్చి పెట్టుకుని దాంతో యాంటీవైరస్‌ని చంపేశారు. వాలరెంట్ గేమ్‌తో 2020లో వచ్చిన యాంటీచీట్ వాన్‌గార్డ్ అయితే గేమ్ తెరవకపోయినా కంప్యూటర్ ఆన్ చేసినప్పటి నుంచే కెర్నెల్‌లో కూర్చుంటుంది. బ్యాంకు సర్వర్‌ని కాపాడే సాఫ్ట్‌వేర్‌కి అంత అధికారం ఎందుకో కనీసం వాదించవచ్చు. ఒక షూటర్ గేమ్‌లో ఎవడో గోడల వెనక చూసి మోసం చేయకుండా ఉండటానికి నా మెషీన్ తాళాలన్నీ ఇవ్వాలా? నేనైతే ఇవ్వను, ఆ గేమ్ ఆడకపోయినా పర్వాలేదు.

2024 తర్వాత కదలిక వచ్చింది. సెప్టెంబర్ 10న మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ కంపెనీల్ని తన కేంద్రం రెడ్‌మండ్‌కి పిలిచి మాట్లాడింది, నవంబర్‌లో విండోస్ రెసిలియెన్సీ ఇనీషియేటివ్ అని ప్రకటించింది. బూట్ కాని మెషీన్‌ని దూరం నుంచే బాగుచేసే ఏర్పాటు కూడా అందులో భాగం, ఇది జులై 19 నేర్పిన అసలైన పాఠం, దీన్ని మెచ్చుకోవాల్సిందే. 2025 జూన్‌లో ఇంకాస్త ముందుకెళ్లి, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కెర్నెల్ బయట నడిచే కొత్త వేదికని జులై నుంచి కంపెనీలకి పరీక్ష కోసం ఇస్తామంది. అదే ప్రకటనలో నీలం తెరని నల్లగా మారుస్తున్నామని కూడా చెప్పింది. సహజంగానే వార్తల్లో ఎక్కువ చోటు రంగుకే దక్కింది.

బయటికి రావడంలో కష్టాలున్నాయి. బయట నడిచే యాంటీవైరస్‌ని అడ్మిన్ హక్కులు సంపాదించిన మాల్‌వేర్ ఆపేయకుండా చూడాలి, ప్రతి ఫైలుకీ లోపలికీ బయటికీ తిరిగినా మెషీన్ నెమ్మదించకూడదు, అంటే 1992 నాటి వాదనే మళ్లీ మొదలు. ఇవి ఇంజనీర్లు తేల్చగలిగేవి. తేలడం కష్టమైనది డిఫెండర్ సంగతి. దాని ఫిల్టర్ డ్రైవర్ కూడా కెర్నెల్‌లోనే ఉంది. బయటి కంపెనీల్ని పంపించేసి అది మాత్రం లోపలే ఉండిపోతే, పోటీదారుల లాయర్లు మొట్టమొదట బయటికి తీసే కాగితం ఆ 2009 హామీయే.