వాలెట్‌లో తెలియని టోకెన్ పడిందా? అపోహలు - వాస్తవాలు

నేను స్మార్ట్ కాంట్రాక్టుల (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాముల) కోడ్ రివ్యూ చేస్తుంటా. తెలిసినవాళ్లు తరచూ స్క్రీన్‌షాట్ పంపి "అన్నా, నా క్రిప్టో వాలెట్‌లో ఏదో టోకెన్ పడింది, నాలుగు లక్షలని చూపిస్తోంది, నిజమేనా" అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. ఇదంతా ఎథీరియం, బీఎన్‌బీ చైన్ లాంటి బ్లాక్‌చెయిన్ల గురించి, సొలానాలో పద్ధతి వేరు.

అపోహ: తెలియని టోకెన్ వచ్చిందంటే వాలెట్ హ్యాక్ అయిపోయినట్టే.

కాదు, కంగారు పడకండి. టోకెన్ అసలు మీ వాలెట్ లోపల ఉండదు. ముక్కూమొహం తెలియని కొట్టువాడెవడో తన ఖాతా పుస్తకంలో మీ పేరు మీద పదివేలు జమ అని రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే, ఆ పుస్తకం పేరే కాంట్రాక్టు. మీ అడ్రస్ తెలిస్తే చాలు, ఎవరైనా రాయొచ్చు, మీ పర్మిషన్ అక్కర్లేదు. దాన్ని వదిలించుకుందామని ఎవరికో పంపబోయి గ్యాస్ ఫీజు (ట్రాన్సాక్షన్‌కి నెట్‌వర్క్‌కి కట్టేది) తగలేసుకోవద్దు, హైడ్ చేసేయండి.

అపోహ: ఫ్రీగా వచ్చిందేగా, అమ్మి చూస్తే పోయేదేముంది?

అసలు ప్రమాదం ఇక్కడే. ఆ టోకెన్ మామూలు చోట అమ్ముడుపోదు, ట్రాన్సాక్షన్ ఫెయిలవుతుంది, టోకెన్ పేరులోనే ఒక వెబ్‌సైట్ పేరు ఉంటుంది, సరే అక్కడే క్లెయిమ్ చేసుకుందామని వెళ్లి వాలెట్ కనెక్ట్ చేస్తారు, అప్పుడొచ్చే పాపప్‌లో అప్రూవ్ అడిగేది ఆ చెత్త టోకెన్‌కి కాదు, మీ దగ్గరున్న అసలు యూఎస్‌డీటీకి (డాలర్ విలువతో నడిచే కాయిన్). అప్రూవ్ అంటే "ఈ కాంట్రాక్టు నా ఖాతాలోంచి ఇంతవరకు తీసుకోవచ్చు" అని రాసివ్వడం. ఆ "ఇంత" దగ్గర అన్‌లిమిటెడ్ అని ఉంటే ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టినట్టే. డబ్బు అప్పుడే పోవాలని లేదు, మూడు నెలల తర్వాత మీరు ఇంకొంచెం వేసుకున్నాక కూడా లాగొచ్చు.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది పర్మిట్. యూఎస్‌డీసీ (ఇదీ డాలర్ కాయినే) లాంటి టోకెన్లకి ఉత్త సంతకంతోనే పర్మిషన్ ఇవ్వొచ్చు, గ్యాస్ పడదు, సంతకం చేసినప్పుడు మీ హిస్టరీలో ఏమీ కనపడదు. నాకు తెలిసిన ఒక కుర్రాడు "గ్యాస్ కట్ అవ్వలేదుగా అన్నా, ఏమీ జరగలేదనుకున్నా" అన్నాడు, రెండేళ్లు దాచుకున్న డబ్బు పోయింది, నాకు ఏం చెప్పాలో తోచలేదు.

అపోహ: సైట్ డిస్‌కనెక్ట్ చేశా, ఇక భయం లేదు.

డిస్‌కనెక్ట్ చేస్తే ఆ సైట్‌కి మీ అడ్రస్ కనపడదు, అంతే. మీరిచ్చిన అప్రూవల్ చైన్ మీద అలాగే ఉంటుంది. రివోక్ డాట్ క్యాష్ సైట్‌లోనో, ఈథర్‌స్కాన్‌లో (ఎథీరియం మీద జరిగేవన్నీ చూపించే సైట్) ఉండే అప్రూవల్ చెకర్‌లోనో చూసి రివోక్ చెయ్యాలి, అంటే ఆ పర్మిషన్ రద్దు చెయ్యాలి, దానికి కొంచెం గ్యాస్ అవుతుంది. సీడ్ ఫ్రేజ్ (వాలెట్ మొత్తాన్ని తెరిచే రహస్య పదాల వరస) ఎక్కడైనా టైప్ చేసి ఉంటే మాత్రం రివోక్ వల్ల లాభం లేదు, కొత్త సీడ్‌తో కొత్త వాలెట్ చేసుకుని మిగిలింది వెంటనే అందులోకి మార్చేయండి.

అపోహ: రేటు పెరుగుతోందంటే కాయిన్ మంచిదే.

2021లో స్క్విడ్ అనే టోకెన్ వచ్చింది. కొన్నవాళ్లలో చాలామంది అమ్మలేకపోయారు, అమ్మేవాళ్లు లేకపోతే రేటు పైకే పోతుంది కదా. నవంబర్ 1న 2,800 డాలర్లు దాటింది, నిమిషాల్లో దాదాపు సున్నాకి పడిపోయింది. కొంచెం అమ్మి టెస్ట్ చేశానులే అని ధీమా పడొద్దు, అమ్మకాన్ని ఆపే స్విచ్చో, సెల్ ట్యాక్స్ (అమ్మినప్పుడు పడే కోత) పెంచే ఫంక్షనో ఓనర్ చేతిలో ఉంటే రేపు తిప్పేస్తాడు.

అపోహ: ఈథర్‌స్కాన్‌లో పచ్చ టిక్ ఉంది, ఆడిట్ (కోడ్ తనిఖీ) కూడా అయింది.

పచ్చ టిక్‌కి అర్థం, చూపిస్తున్న కోడూ చైన్ మీదున్న కోడూ ఒకటేనని. మంచి కోడ్ అని కాదు. ప్రాక్సీ అయితే, అంటే అసలు కోడ్ వేరే కాంట్రాక్టులో ఉంటే, రేపు లోపలి కోడే మారిపోవచ్చు. ఆడిట్ చేసేవాడిగా చెప్తున్నా, మేం చూసేది మాకిచ్చిన కోడ్ వరకే. 2021 డిసెంబర్‌లో బ్యాడ్జర్‌డావో అనే క్రిప్టో ప్రాజెక్టులో కాంట్రాక్టులు బానే ఉన్నాయి, వెబ్‌సైట్‌లోకి స్క్రిప్ట్ జొప్పించి జనంతో అప్రూవల్స్ ఇప్పించుకున్నారు, సుమారు 12 కోట్ల డాలర్లు పోయాయి. పలుసార్లు ఆడిట్ అయిన ఆయిలర్ అనే క్రిప్టో అప్పుల ప్లాట్‌ఫామ్ నుంచి 2023 మార్చిలో 19 కోట్ల డాలర్లకు పైనే లాగారు, అందులో చాలావరకు తర్వాత తిరిగొచ్చింది.

అపోహ: హార్డ్‌వేర్ వాలెట్ ఉంటే చాలు.

వాలెట్ రహస్య కీని విడిగా దాచే ఈ చిన్న డివైజ్ కీ దొంగతనం కాకుండా ఆపుతుంది, కానీ మీరే సంతకం పెడితే అదేం చేస్తుంది? 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో ఎక్స్‌ఛేంజ్‌లో పోయిన సుమారు 150 కోట్ల డాలర్లు ఇలాంటివే, సంతకం చేసినవాళ్లకి కంప్యూటర్ తెర మీద మామూలు ట్రాన్స్‌ఫర్ కనపడింది, నిజానికి సంతకం పడింది వేరేదాని మీద. డివైజ్ మీద వచ్చింది అర్థం కాకపోతే రిజెక్ట్ కొట్టండి.

అపోహ: పోయిన క్రిప్టో రికవరీ చేసేవాళ్లు ఉన్నారు.

పోయిందని ఎక్కడైనా పోస్ట్ పెట్టగానే మెసేజ్‌లు మొదలవుతాయి, ముందు ఫీజు కట్టమంటారు, లేదా సీడ్ ఫ్రేజ్ అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఇవ్వొద్దు. చైన్ మీద జరిగిన ట్రాన్సాక్షన్‌ని ఎవరూ వెనక్కి తిప్పలేరు. ఇండియాలో ఉంటే వెంటనే 1930కి (సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్) కాల్ చెయ్యండి, ట్రాన్సాక్షన్ హ్యాష్ (ఆ ట్రాన్సాక్షన్ గుర్తింపు కోడ్), దొంగ అడ్రస్, ఆ సైట్ లింకు, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. ఆ డబ్బు ఏదైనా ఎక్స్‌ఛేంజ్‌కి చేరితే అక్కడ ఫ్రీజ్ చేయించే అవకాశం కొంత ఉంటుంది, అదీ ఎంత త్వరగా కంప్లైంట్ ఇచ్చారన్నదాన్ని బట్టి.