టీవీ కొనేముందు నలుపు చూడండి

టీవీ కొనబోతే అందరూ ముందు చెప్పేది 4కె గురించే. తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. ఫుల్ హెచ్‌డీకి ఇది నాలుగు రెట్లు. అయితే ఆ తేడా కంటికి ఆనేదీ లేనిదీ మనం కూర్చునే దూరాన్ని బట్టి ఉంటుంది. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో సుమారు 60వ వంతు కోణం దాకానే వివరాలను విడదీసి చూడగలదు. ఆ లెక్కన 55 అంగుళాల టీవీని రెండుంపావు మీటర్లకు మించిన దూరం నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పట్టుకోవడం కష్టం. పిక్సెళ్లు ఇంకా ఎక్కువుండే 8కె సంగతి ఇక చెప్పక్కర్లేదు.

బొమ్మ బాగుందో లేదో తేల్చేది, నన్నడిగితే, నలుపు. ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేవాటిలో చాలావరకు ఎల్‌సీడీ తెరలే. వెనక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతుంటే, ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఒక్కో పిక్సెల్ దగ్గర ఆ వెలుతురును కావలసినంతే వదులుతుంది. పూర్తిగా ఆపడం మాత్రం దాని వల్ల కాదు. గదిలో లైట్లు తీసేసి రాత్రి సీను పెట్టి చూడండి, ఆకాశం బూడిద రంగులో కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా లోకల్ డిమ్మింగ్ వచ్చింది. వెనక దీపాలను జోన్లుగా విడగొట్టి, చీకటి ఉన్నచోట తగ్గిస్తారు. జోన్లు కొద్దిగానే ఉంటే నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ చుట్టూ వెలుగు మసకగా అలుముకుంటుంది. మినీ ఎల్‌ఈడీలో దీపాలు బాగా చిన్నవి, జోన్లు ఎక్కువ, కాబట్టి ఆ మసక తగ్గుతుంది.

ఓఎల్‌ఈడీలో బ్యాక్‌లైటే ఉండదు. ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. చీకట్లో సినిమాలు చూసేవాళ్లకు దీన్ని మించింది లేదు. ఎండ బాగా పడే గదికి మాత్రం వెలుగు ఎక్కువ ఇచ్చే మంచి ఎల్‌సీడీయే నయం. పైగా ఒకే న్యూస్ చానల్ రోజంతా నడిచే ఇంట్లో ఆ లోగో మరక ఓఎల్‌ఈడీ తెర మీద శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. క్యూఎల్‌ఈడీని చూసి ఓఎల్‌ఈడీ అనుకోకండి. అది క్వాంటమ్ డాట్లు చేర్చిన ఎల్‌సీడీ. సైజును బట్టి రంగు మారే ఈ నానో స్ఫటికాలను కనిపెట్టి, తయారీకి దారి చూపినవాళ్లకే 2023 కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. వాటితో రంగులు నిజంగానే బాగుంటాయి, నలుపు కష్టం మాత్రం తీరదు.

వెలుగు చీకట్ల తేడాను, రంగులను మరింత బాగా చూపించే పద్ధతి హెచ్‌డీఆర్. ఆ ముద్ర కూడా అన్ని టీవీల్లో ఒకే ఫలితం ఇవ్వదు. హెచ్‌డీఆర్‌కు సాధారణంగా వాడే 10 బిట్ల సిగ్నల్‌లో ఒక్కో ప్రాథమిక రంగుకు 1024 మెట్లు ఉంటాయి, పాత 8 బిట్ల పద్ధతిలో 256 మాత్రమే. కానీ సిగ్నల్ అందుకున్నంత మాత్రాన సరిపోదు, దాన్ని చూపించేంత వెలుగు, చీకటి తెరకు ఉండాలి. అందుకే షాపులో ఉన్నప్పుడే, కళ్లు చెదిరేలా పెట్టిన డెమో మోడ్ తీయించి, సినిమా మోడ్‌లో ఏదైనా చీకటి సీను వేయించుకుని చూడండి.

ఇంటికొచ్చాక మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. సినిమాలు ఎక్కువగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. ఈ ఫీచర్ మధ్యలో తీయని ఫ్రేములను ఊహించి చేరుస్తుంది. క్రికెట్‌కు ఉంటే ఉండనివ్వండి. సినిమాకు ఆపేయండి, ఎందుకంటే దర్శకుడు పట్టుబట్టి తీసిన సీను సీరియల్ షూటింగ్‌లా మారిపోతుంది.