పాత రంగుగాజు కిటికీ ఇంటికి తెచ్చుకునే ముందు

మెదక్ చర్చికి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. పగటిపూట లోపల నిలబడితే క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ దృశ్యాలు నిండు రంగుల్లో కనిపిస్తాయి. బయటికొచ్చి అవే కిటికీలను చూస్తే మసకగా, ఏ బొమ్మో తెలియకుండా ఉంటాయి. చీకటి పడ్డాక లోపలినుంచి చూసినా అంతే. తన గుండా పోయే వెలుగులో కొన్ని రంగుల్ని గాజు పీల్చేసుకుని మిగతావాటిని వదులుతుంది. ఆ వదిలినవే మన కంటికి చేరతాయి. కాబట్టి ఇంటికి స్టెయిన్డ్ గ్లాస్ కొనాలనుకుంటే ముందు చూసుకోవాల్సింది దాని వెనక వెలుగు ఎక్కడినుంచి వస్తుందన్నదే. వట్టి గోడకు తగిలిస్తే ఎంత ఖరీదైన పలకైనా నల్లగానే ఉంటుంది.

ఇప్పుడు పాత సామాన్ల దుకాణాల్లో దొరికే వాటిలో కొన్ని బ్రిటన్‌లోని విక్టోరియా రాణి కాలపు (19వ శతాబ్దపు) ఇళ్లవి. అక్కడ 1845లో గాజు మీద పన్ను, 1851లో కిటికీల మీద పన్ను ఎత్తేశారు. ఆ తర్వాత మధ్యతరగతి ఇళ్ల వీధి తలుపులకూ, మెట్ల దగ్గరి కిటికీలకూ రంగుగాజు వచ్చింది. ఆ ఇళ్లను కూల్చినప్పుడో, కిటికీలు మార్చినప్పుడో పాతవి అమ్మకానికి వస్తుంటాయి.

అలాంటి పలకలో ఎర్రముక్క ఏదైనా విడిగా దొరికితే దాని అంచును పక్కనుంచి చూడండి. చాలాసార్లు మందమంతా రంగులేని గాజే, ఒక వైపు మాత్రం సన్నటి ఎర్రపొర ఉంటుంది. రాగితో వచ్చే ఎరుపు చాలా గాఢమైనది. గాజు మొత్తానికీ కలిపితే వెలుగు దాటలేక నల్లగా కనిపిస్తుంది, అందుకే పొరగా వేశారు. నీలం కోబాల్టుది. పసుపు కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. వెండి సమ్మేళనాన్ని మట్టిలో కలిపి గాజు మీద పూసి కొలిమిలో కాలుస్తారు. వెండి గాజులోకి ఇంకి, కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా కూడుతుంది. ఆ రేణువులు నీలి వెలుగును ఆపేస్తే బంగారు పసుపు మిగులుతుంది. పైనున్న మట్టిని తుడిచేసినా రంగు పోదు. ఐరోపాలో ఈ పద్ధతి 14వ శతాబ్దం తొలినాళ్లనుంచీ ఉంది. నానోరేణువులనే మాట పుట్టకముందే ఆ పనివాళ్లు వాటిని చేతిలో పెట్టుకుని పనిచేశారు.

పాత పలక బొజ్జలా ముందుకు ఉబ్బి ఉంటే, ఏళ్లు గడిచి గాజు కిందికి జారిందని కొందరంటారు. అది నిజం కాదు. మధ్యయుగపు చర్చి గాజు మీద లెక్క కట్టి చూస్తే, వంద కోట్ల ఏళ్లలోనూ అది సుమారు ఒక నానోమీటరు మించి కదలదని తేలింది. వంగేది సీసం. ముక్కల్ని పట్టి ఉంచే సీసపు పట్టీలు మెత్తనివి, సొంత బరువుకే మెల్లగా సాగుతాయి. పైగా ఎండకు సీసం గాజుకన్నా దాదాపు మూడింతలు వ్యాకోచిస్తుంది. రోజూ ఇలా సాగి ముడుచుకుంటే పట్టీలు అలసిపోయి చీలుతాయి, లోపలి పుట్టీ ఎండి రాలిపోతుంది. వేలితో మెల్లగా తడితే ముక్కలు గలగలమంటున్నాయా, పుట్టీ పోయినట్టే. ఉబ్బును మాత్రం చేత్తో నొక్కి సరిచేయొద్దు, గాజు పగులుతుంది.

సీసం మీద తెల్లటి పొడి కనిపిస్తే అది విషం. పిల్లలున్న ఇంట్లో అలాంటిదాన్ని చేతికందే చోట పెట్టకూడదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఉప్పుకాగితంతో అసలు రుద్దొద్దు. రిపేరు పని తెలిసినవాళ్లకే వదిలేయండి. ముఖాలు, ఆకుల గీతలు గాజుపొడి రంగుతో గీసి కాల్చినవి. కాలడంలో తేడా వస్తే రాలిపోతాయి. కాబట్టి వెనిగర్, అమ్మోనియా కలిసిన క్లీనర్లు వద్దు. తడిలేని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

బిగించేటప్పుడు సీసానికి కొక్కేలు టంకం వేసి వేలాడదీయకండి, బరువంతా ఆ పట్టీల మీదే పడుతుంది. చెక్క ఫ్రేములో కూర్చోబెట్టి, బరువు కింది అంచు మీద ఉండేలా చూడండి. ఉన్న కిటికీ అద్దానికి లోపలివైపు, మధ్యలో గాలి ఆడేంత సందు వదిలి అమరిస్తే వానా గాలీ పాత పలకను తాకవు, చెమ్మ కూడా నిలవదు.