స్కాట్లాండ్ కారు యాత్ర: మ్యాప్ టైము, ఇతర అపోహలు - వాస్తవాలు

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఒకే రకం ప్లాన్లు చేతికొస్తాయి. మేలోనో జూన్‌లోనో అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో లండన్‌కో మాంచెస్టర్‌కో వస్తారు. వాళ్లను కారెక్కించి గ్లెన్‌కో కొండలు, స్కై ద్వీపం, వీలైతే దానికీ పడమరన ఉన్న ఔటర్ హెబ్రిడీస్ దీవులు, తిరిగొస్తూ తీరం వెంట నాలుగు పల్లెలు చూపించాలి. అన్నీ ఐదు రోజుల్లోనే. ఎక్సెల్ షీటులో రోజుకో గడి, గడికి ఏడెనిమిది పేర్లు. కింద ఒక ప్రశ్న: "ఇంకేమైనా కలపొచ్చా అండీ?" ఉన్నవాటిలో సగం తీసేయండి అని చెబితే ముఖాలు చిన్నబోతాయి. ఎందుకు తీసేయాలో లెక్క వేసి చూపిస్తే అర్థమవుతుంది.

అపోహ: మ్యాప్‌లో నాలుగు గంటలంటే నాలుగు గంటలే

డబ్బు, నిద్ర, మంచి మూడ్ మూడూ పోయేది దీనివల్లే. మిగతా అపోహలన్నీ దీని ముందు చిన్నవి.

గ్లాస్గో నుంచి మాలేగ్ రేవుకు సుమారు 150 మైళ్లు, అంటే 240 కిలోమీటర్లు. ఫోను మూడు గంటల ముప్పావు చూపిస్తుంది. హైదరాబాద్ - విజయవాడ హైవే మీద 270 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో కొట్టిన చేతికి ఇదో లెక్కా? మాలేగ్ నుంచి స్కై మీది ఆర్మడేల్‌కు సాయంత్రం నాలుగు గంటల ఫెర్రీ బుక్ చేశారనుకుందాం. పదకొండుకు బయల్దేరితే పావు తక్కువ మూడుకల్లా చేరతామని, ముప్పావు గంట చేతిలో ఉంటుందని గడిలో రాసుకుంటారు. కారు ఫెర్రీ వరుసలో మూడున్నరకే ఉండాలి కదా, దానికీ సరిపోతుందని ధీమా.

ఇప్పుడు జరిగేది చూడండి. లోమండ్ సరస్సు పక్కన ఫొటోలకు 20 నిమిషాలు. టార్బెట్ దాటాక ఇన్వెరార్నన్ వరకు ఏ82 రోడ్డు ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క నీళ్లతో ఇరుకైపోతుంది. ఎదురుగా టూరిస్టు బస్సో లారీయో వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. అక్కడ ఒక 15 నిమిషాలు. టిండ్రమ్‌లో టాయ్‌లెట్, టీ కలిపి అరగంట. గ్లెన్‌కోలో త్రీ సిస్టర్స్ కొండల ఎదురుగా పార్కింగు దొరకడం, దిగడం, మళ్లీ అందరూ ఎక్కడం అరగంట. ఫోర్ట్ విలియంలో పెట్రోలు, సరుకులు, భోజనం గంట. హ్యారీ పాటర్ సినిమాల్లో కనిపించే గ్లెన్‌ఫినన్ రైలు వంతెన దగ్గర పిల్లలు దిగకుండా ఉండరు, 45 నిమిషాలు. మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు. డ్రైవింగ్ కలిపితే ఏడు గంటలు దాటింది. మూడున్నరకు వరుసలో ఉండాలంటే గ్లాస్గో వదలాల్సింది ఉదయం ఎనిమిదిన్నర లోపు.

ఫెర్రీ తప్పిందా, తర్వాతిదాంట్లో చోటు ఉంటే అదృష్టం. లేకపోతే వచ్చిన దారినే ఫోర్ట్ విలియం దాకా 43 మైళ్లు వెనక్కి, అక్కడి నుంచి ఇన్వర్‌గారీ మీదుగా స్కైకి వంతెన ఉన్న కైల్ ఆఫ్ లోహాల్ష్‌కు మరో 75 మైళ్లు. మూడు గంటల పని. వంతెన దాటాక స్కైలోని ముఖ్యమైన ఊరు పోర్ట్రీకి ఇంకో 33 మైళ్లు. ఆరు దాటాక మాలేగ్ చేరినవాళ్లు ఎక్కడా ఆగకుండా వెళ్లినా రాత్రి పదవుతుంది. చిన్న ఊళ్లలో హోటళ్ల వంటగదులు ఎనిమిదిన్నరకల్లా మూసేస్తారు. పెద్దవాళ్లు చిప్స్ ప్యాకెట్ తిని పడుకుంటారు. మ్యాపును నమ్మినందుకు కట్టిన మూల్యం ఇంత.

ఈ లెక్క ప్రతి రోజుకూ వర్తిస్తుంది. స్కైలో ట్రాటర్‌నిష్ చుట్టు, అంటే పోర్ట్రీ నుంచి స్టోర్, క్విరాంగ్, ఊయిగ్ మీదుగా తిరిగి పోర్ట్రీ, 50 మైళ్లు ఉంటుందేమో. ఫోను రెండు గంటలు కూడా చూపించదు. కానీ ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం దగ్గరికి ఎక్కి దిగడానికే గంటన్నర నుంచి రెండు గంటలు. క్విరాంగ్‌లో పార్కింగు కోసం తిరగడం వేరు. అది పూర్తిగా ఒక రోజు. బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఎల్గోల్ 14 మైళ్లే. ఒంటి వరుస రోడ్డు కాబట్టి ఒకవైపుకే 40 నిమిషాలు.

పనికొచ్చే సూత్రం ఇది. రెండు వరుసల రోడ్డయితే మ్యాప్ టైముకు ఒకటిన్నర రెట్లు, ఒంటి వరుస రోడ్డయితే రెండు రెట్లు వేసుకోండి. మ్యాప్ లెక్కలో రోజుకు మూడు గంటలు మించి డ్రైవింగ్ పెట్టొద్దు. ఏ ఊళ్లోనైనా రెండు రాత్రులు, స్కైలో మూడు. ఐదు రోజులే ఉంటే మొదటి రాత్రి గ్లెన్‌కో చుట్టుపక్కల, తర్వాత స్కై, చివరి రాత్రి ఇన్వర్‌నెస్. ఔటర్ హెబ్రిడీస్ ఈసారికి వదిలేయండి. ఊయిగ్ నుంచి హారిస్ మీది టార్బర్ట్‌కు ఫెర్రీయే గంటా నలభై నిమిషాలు (లోమండ్ పక్కది టార్బెట్, ఫోనులో టైప్ చేసేటప్పుడు జాగ్రత్త). అక్కడికి వెళ్తే కనీసం మూడు రాత్రులు ఉండాలి. లండన్ నుంచే కారులో వద్దామనుకునేవాళ్లకు ఒక మాట: గ్లాస్గోకే 400 మైళ్లు దాటుతుంది. రైల్లోనో విమానంలోనో వచ్చి అక్కడ కారు తీసుకోండి, పెద్దవాళ్ల నడుములు మిగులుతాయి.

అపోహ: ఫెర్రీ అంటే వెళ్లి ఎక్కేయడమే

చిన్న ఫెర్రీలకు నిజమే. ఫోర్ట్ విలియం దగ్గర కోరన్, మల్ ద్వీపం వైపు లోహాలిన్ - ఫిష్‌నిష్ రేవుల దగ్గర వరుసలో నిలబడి ఎక్కడమే. గ్లెనెల్గ్ - కైల్‌రీ ఫెర్రీ అయితే ముచ్చటగా ఉంటుంది. ఆరు కార్లు పడతాయి. కార్లున్న పళ్లాన్ని సిబ్బంది చేత్తో తోసి తిప్పి రేవు వైపు మళ్లిస్తారు. ఈస్టర్ నుంచి అక్టోబరు దాకానే నడుస్తుంది.

పెద్ద ఫెర్రీల్లో మాత్రం కారుకు ముందే చోటు తీసుకోవాలి. మనుషులకు టికెట్టు దొరికినా వేసవిలో కారుకు దొరకదు, అందుకే హోటలు కంటే ముందు ఫెర్రీ. వాహనం పొడవు అడుగుతారు. అద్దె కంపెనీ ఏ మోడల్ ఇస్తుందో కౌంటర్లో గానీ తేలదు కాబట్టి కాస్త ఎక్కువే రాయండి, ఏడు సీట్ల బండికి ఐదు మీటర్లు వేసుకోవచ్చు. అద్దె కారును ఫెర్రీ ఎక్కించడానికి అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకొకటి, గాలి లేస్తే ఫెర్రీలు రద్దవుతాయి, జూలైలో కూడా. విమానం ఉన్న రోజుకు ముందు రాత్రి ద్వీపంలో ఉండొద్దు.

అన్నట్టు, స్కైకి ఫెర్రీయే గతి అనుకుని కంగారుపడేవాళ్లు ఇంకా ఉన్నారు. 1995లోనే వంతెన వచ్చింది. 2004 డిసెంబరులో టోలు కూడా ఎత్తేశారు.

అపోహ: ఎడమ పక్క డ్రైవింగ్ మనకు అలవాటేగా

ఎడమ పక్క ఒక్కటే అలవాటు. ఒంటి వరుస రోడ్డులో రెండు దిక్కుల బండ్లకూ ఒకటే దారి. మధ్య మధ్య పక్కకు ఉబ్బినట్టు చిన్న జాగాలు, వాటికి 'పాసింగ్ ప్లేస్' అని తెల్ల బోర్డు. ఎదురు బండి కనిపించగానే ఆ జాగా మీ ఎడమ పక్క ఉంటే అందులోకి దిగి ఆగాలి. కుడి పక్క ఉంటే దానిలోకి వెళ్లకూడదు. మీ ఎడమ అంచునే, దానికి ఎదురుగా ఆగితే అవతలి కారు ఆ జాగాలోంచి చుట్టి వెళ్తుంది. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కుడి జాగాలోకి దూరతారు, అవతలివాడూ అదే జాగాకు వస్తాడు, రెండు ముక్కులూ ఎదురెదురు. కొండ ఎక్కుతున్న బండికి వీలైనంతవరకు దారి ఇవ్వాలి. వెనక స్థానికుల కారు అంటుకొస్తుంటే అదే జాగాలో ఆగి ముందుకు పంపేయండి, వాళ్లు స్కూలుకో డ్యూటీకో పోతుంటారు. అక్కడ కారు పెట్టి ఫొటోలు దిగడం మాత్రం క్షమించరాని పని.

భయపడేవాళ్లకు: ఈ భయం సహజమే, సిగ్గుపడాల్సింది లేదు. కష్టం రోడ్డులో కంటే రివర్సులో ఎక్కువ. కారు తీసుకున్న రోజే ఏదైనా ఖాళీ పార్కింగులో ఒక పావుగంట, అద్దాలు మాత్రమే చూస్తూ గీత వెంట 50 మీటర్లు వెనక్కి నడిపి చూడండి. వంకర పోతే మళ్లీ. గేరు కారు అలవాటు తప్పినవాళ్లు ఆటోమేటిక్ ముందే బుక్ చేసుకోవాలి, కౌంటర్లో అడిగితే దొరకదు.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా

బేసిక్ ఇన్సూరెన్సులో మీరు భరించాల్సిన వాటా వెయ్యి పౌండ్లు దాటడం మామూలే. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం చాలా పాలసీల్లోకి రావు. ఈ రోడ్ల మీద దెబ్బ తగిలేది సరిగ్గా వాటికే. ఎదురు బండికి జాగా ఇద్దామని ఎడమకు జరిగితే తారు అంచు దగ్గర చక్రం నాలుగంగుళాలు కిందికి దిగుతుంది. తిరిగి పైకి లాగినప్పుడు ఆ అంచు టైరు పక్కగోడను కోస్తుంది.

అప్పుడు డిక్కీ తెరిస్తే స్టెప్నీ ఉండదు. కొత్త కార్లలో చాలావాటికి చిన్న కంప్రెసరు, నురుగు సీసా మాత్రమే ఇస్తారు. మేకు దిగిన రంధ్రాన్ని ఆ నురుగు మూస్తుంది, పక్కగోడ చీలితే దేనికీ పనికిరాదు. ఇక బండి లాక్కెళ్లేవాళ్లు వచ్చేదాకా గంటల తరబడి కూర్చోవడమే, ఫోను సిగ్నలు ఉంటే. కాబట్టి కారు తీసుకునేటప్పుడే డిక్కీ కింది పలక ఎత్తి చూడండి, స్టెప్నీ ఉన్న కారు అడగండి. మీ వాటా కవరయ్యే పాలసీని కౌంటర్లో కాకుండా బయల్దేరకముందే వేరేగా కొనుక్కుంటే చవక. అలా కొన్నా కార్డు మీద డిపాజిట్ పట్టి ఉంచుతారు, నష్టం జరిగితే ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

మిగతావి గబగబా. ఇండియా లైసెన్సు చెల్లదన్నది పుకారు. సందర్శకులు బ్రిటన్‌లోకి వచ్చిన రోజు నుంచి 12 నెలలు మామూలు కారు నడపొచ్చు. అక్కడే నివాసముంటున్నవాళ్లకు మాత్రం నివాసం మొదలైన రోజు నుంచి లెక్క. మద్యం పరిమితి స్కాట్లాండ్‌లో ఇంగ్లండ్ కంటే తక్కువ, 2014 డిసెంబరు నుంచి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. డిస్టిలరీలో రుచి చూడటం నడిపేవారికి వద్దు, వారి వాటా చిన్న సీసాలో పోసిచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. కారు ఎక్కడైనా ఆపి టెంటు వేసుకోవచ్చన్నది సగం నిజం. 2003 చట్టం ఇచ్చిన హక్కు నడిచివెళ్లేవారికి, సైకిలు మీద వెళ్లేవారికి; మోటారు బండికి వర్తించదు. జూలై, ఆగస్టుల్లో నుసిలాంటి మిడ్జి పురుగులు కుడతాయి, గాలి వీస్తే కనిపించవు, కాబట్టి టీ తాగడానికి గాలి తగిలే చోటే చూసుకోండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా చైల్డ్ సీటు తప్పదు.

యాపిల్‌క్రాస్ వెళ్లే బ్యాలఖ్ నా బా కనుమ చూడకపోతే యాత్ర దండగ అంటారు. సముద్ర మట్టం నుంచి 626 మీటర్లకు ఎక్కుతుంది, కొన్నిచోట్ల ఐదడుగులు ముందుకెళ్తే అడుగు ఎత్తు. తిరుమల ఘాట్లో ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఒక రోడ్డు. ఇక్కడ రెండూ ఒకే వరుసలో, పైగా మెలికలు. డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్లకు తగదని కిందే బోర్డు ఉంది. షీల్డెయిగ్ మీదుగా తీరం రోడ్డు కూడా యాపిల్‌క్రాస్‌కే చేరుస్తుంది, సముద్రం పక్కపక్కనే వస్తుంది.

తీరపు పల్లెలన్నీ కారు దిగగానే చూసేయగల బాపతేనని కూడా అనుకోవద్దు. ఈశాన్య తీరాన ఉన్న క్రోవీలో ఒకే వరుస ఇళ్లు, ఇళ్లకూ సముద్రానికీ మధ్య కాలిబాటే ఉంటుంది, కారు పట్టదు. బండి కొండ పైన పెట్టి నిటారుగా దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే ప్లాక్టన్ పెట్టుకోండి. పార్కింగు నుంచి నీటి ఒడ్డుకు చదునైన దారి, స్కై వంతెన నుంచి పావుగంట.