మురుగునీళ్లకి ముందే తెలుస్తుంది

పిల్లలూ,

మురుగునీళ్ల మీద ఉత్తరమేంటి అని ముక్కు మూసుకోకండి, ఊళ్లో ఏ వైరస్ తిరుగుతోందో ఒక్కోసారి డాక్టర్ల కంటే ముందు ఈ నీళ్లలోనే బయటపడుతుంది. కరోనా, పోలియో లాంటివి సోకితే మలంలో ఆ వైరస్ ఆనవాళ్లు వస్తాయి, జ్వరం రాకముందే రావొచ్చు, అసలు జ్వరమే రానోళ్ల నుంచి కూడా రావొచ్చు. టెస్టుకి వెళ్లేది కొందరే, టాయిలెట్‌కి వెళ్లనివాళ్లు మాత్రం ఎవరుంటారు చెప్పండి? డబ్బుల్లేకో భయపడో ఆస్పత్రి గడప తొక్కని మనిషి కూడా ఈ లెక్కలోకి వస్తాడు, నాకు ఈ పద్ధతి ఇంత నచ్చడానికి కారణం అదే.

ట్రీట్‌మెంట్ ప్లాంట్‌కి వచ్చే నీళ్లని 24 గంటలూ కొంచెం కొంచెంగా మెషీన్‌తో పడతారు, ఒక్కసారి ముంచి తీస్తే ఆ నిమిషం సంగతే తెలుస్తుంది కదా. తర్వాత ల్యాబ్‌లో చిక్కబరిచి, అందులోంచి వైరస్ జన్యు పదార్థం, అంటే ఆర్ఎన్ఏ తీసి, అది కొంచెమే ఉన్నా పట్టేసే పీసీఆర్ అనే పరీక్ష చేస్తారు. అయితే వాన పడితే నీళ్లు పల్చబడి వైరస్ తగ్గినట్టు కనిపిస్తుంది, దానికి భలే ఉపాయం ఉంది. మిరప మొక్కలకి పట్టే వైరస్ ఒకటుంది, పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్ అంటారు, మిరపకాయలూ వాటితో చేసిన సాసులూ తిన్నవాళ్ల కడుపులోంచి అది అలాగే బయటికొచ్చేస్తుంది, మనల్నేం చేయదు. అది ఎంతుందో చూస్తే ఆ నీళ్లలో మనుషుల మలం ఎంత కలిసిందో అంచనా దొరుకుతుంది, దాన్నిబట్టి అసలు లెక్క సరిచేసుకుంటారు.

పోలియో దగ్గర దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాళ్లు చచ్చుబడతాయి, ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు, అంటే ఒక్క బిడ్డ కాలు పడిపోయి మనకి తెలిసేసరికి వైరస్ ఎందరికో పాకిపోయి ఉంటుంది. 2013లో ఇజ్రాయెల్‌లో ఒక్కరికీ పక్షవాతం రాకముందే మురుగులో పోలియో దొరికింది, పిల్లలకి చుక్కలు వేశారు, ఎవరికీ కాళ్లు పడిపోలేదు. 2022లో లండన్ మురుగులో కనబడితే అక్కడ 1 నుంచి 9 ఏళ్ల పిల్లలకి అదనపు డోసు ఇచ్చారు. 2020లో నెదర్లాండ్స్‌లోని అమెర్స్‌ఫోర్ట్‌లో కూడా కరోనా కేసులు నమోదు కాకముందే మురుగులో ఆనవాళ్లు దొరికాయి.

ఈ నీళ్లు ఎవరికి సోకిందో చెప్పవు, ఎంతమందికో కచ్చితంగా చెప్పవు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చెప్తాయి. పేర్లు బయటికి రాకపోవడం మంచిదే, రోగం వచ్చినవాళ్లని వేలెత్తి చూపించే పని ఉండదు. నన్ను బాధపెట్టేది ఇంకోటి, మురుగు పైపులైన్ లేనిచోట ఏం చేస్తాం? పోలియో కోసమైతే బయట పారే కాల్వల్లోంచి నీళ్లు పడుతుంటారు, సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్లు మాత్రం చాలావరకు ఈ లెక్కకి అందట్లేదు.

మీ తాతయ్య