పేరు నాలుగోది, పాయింట్లు ముప్ఫై: థియరీ పేపర్ల లెక్క వెనక కథ

సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో (థియరీలో) ఒక శాఖ అయిన స్ట్రింగ్ థియరీ మీద నలుగురు కలిసి రాసిన పేపర్‌లో పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంటాయి. ఆలోచన ఎవరిది, లెక్క ఎవరు తేల్చారు, తప్పు ఎవరు పట్టుకున్నారు అన్నది ఆ వరస చూసి చెప్పలేం. విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులకి పేపర్లను పాయింట్లుగా లెక్కగట్టే 2018 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పట్టికకు మాత్రం వరసే ముఖ్యం. రచయితలు ఇద్దరికి మించితే మొదటి, ప్రధాన లేదా కరెస్పాండింగ్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే) రచయితకు పేపర్ విలువలో 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం.

తిరుపతిలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం యూజీసీ పరిధిలోది. ఊరు దాటి ఏర్పేడు వైపు వెళితే, 2015లో వచ్చిన ఐఐటీకి, ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థకి ఆ పట్టికతో పనిలేదు. అక్కడ బయటి నిపుణుల ఉత్తరాలు తెప్పించుకుంటారు, సెమినార్ చెప్పిస్తారు. అదే మనిషి అవే పేపర్లతో రెండు చోట్లా దరఖాస్తు పెడితే రెండు రకాల లెక్క.

థియరీ వాళ్ళకి ఈ అలవాట్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఆగే ఓపిక వీళ్ళకు ఎన్నడూ లేదు. టైపు చేసిన ప్రతులను, అంటే ప్రీప్రింట్లను, పోస్టులో ఒకరికొకరు పంపుకునేవారు. పెద్ద లేబొరేటరీలకు త్వరగా అందేవి. ఓడ టపా మీద ఆధారపడిన మన లైబ్రరీలకు విషయం చల్లారాక వచ్చేవి. అమెరికాలోని స్లాక్ అనే కణ భౌతికశాస్త్ర ల్యాబ్ లైబ్రరీ 1969 నుంచి కొత్త ప్రీప్రింట్ల జాబితా అచ్చేసి పంచింది. 1974లో స్పైర్స్ అనే డేటాబేస్‌లో వాటిని ఎక్కించడం మొదలైంది. టెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక సమీకరణాలతో సహా పేపర్ మొత్తాన్ని ఈమెయిల్‌లో పంపడం వీలైంది. జోఆన్ కోన్ అనే భౌతిక శాస్త్రవేత్త అలా స్ట్రింగ్ థియరీ పేపర్లను పంచుతుండేది. ఆ పనిని కంప్యూటర్‌కు అప్పగిస్తూ భౌతిక శాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ 1991 ఆగస్టులో లాస్ అలమోస్‌లో పెట్టిన సర్వరే, ప్రీప్రింట్లు ఎవరైనా ఉచితంగా చదువుకునే ఇప్పటి ఆర్కైవ్ (arXiv). 2001లో అది కార్నెల్ విశ్వవిద్యాలయానికి మారింది.

దూరపు ఊళ్ళకి దాంతో కలిగిన మేలు అంతా ఇంతా కాదు. ఆర్కైవ్‌లో ఆ రోజు జాబితాకి పేపర్ పంపే గడువు అమెరికా తూర్పు తీరపు కాలమానంలో మధ్యాహ్నం 2 గంటలు, జాబితా ప్రకటన రాత్రి 8కి. మన లెక్కలో వేసవి కాలమానం నడిచే నెలల్లో గడువు రాత్రి 11:30, కొత్త జాబితా తెల్లవారుజామున 5:30. చలికాలంలో రెండూ గంట ఆలస్యమవుతాయి. శని, ఆదివారాల ఉదయం జాబితా ఉండదు. ప్రిన్స్‌టన్‌లో కూర్చున్నవాడికీ తిరుపతిలో కూర్చున్నవాడికీ అది ఒకే క్షణంలో తెరుచుకుంటుంది. అందులో పేపర్లు సాధారణంగా అందిన వరసలోనే వస్తాయి కాబట్టి, గడువు దాటిన మరుక్షణం పంపినవి మర్నాటి జాబితాలో పైన ఉంటాయి. పై స్థానాల్లోని పేపర్లకి సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉటంకింపులు) ఎక్కువని 2009లో గిన్స్‌పార్గే ఒక సహ రచయితతో కలిసి తేల్చాడు. రాత్రి 11:30 దాకా మేలుకుని బటన్ నొక్కేవాళ్ళని చూసి నవ్వుకోనక్కర్లేదన్నమాట.

పంపేటప్పుడు ఎదురయ్యే చిక్కులు మామూలువే. టెక్‌లో తయారైన పేపర్‌కి పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే తిరగ్గొడతారు, సోర్సు ఫైళ్ళు ఇవ్వాలి. బొమ్మల ఫైలు పేరులో ఒక అక్షరం పెద్దదీ చిన్నదీ తారుమారైతే ఇంట్లో కంప్యూటర్‌లో నడిచింది అక్కడ నడవదు. పేర్ల గడిలో డాక్టర్, ప్రొఫెసర్ అని తగిలించకూడదు. కొత్తవాళ్ళకి అదే విభాగంలో రాస్తున్నవారి ఎండార్స్‌మెంట్, అంటే పూచీ, కావాలి. 2004 నుంచి ఈ నియమం ఉంది.

ఇలా పేపర్ ముందే లోకానికి తెలిసిపోవడంతో జర్నల్ పాత్ర ముద్ర వేయడానికే మిగిలింది. 1997లో ఆన్‌లైన్‌లోనే పుట్టిన జేహెచ్ఈపీ (జర్నల్ ఆఫ్ హై ఎనర్జీ ఫిజిక్స్) ఈ రంగానికి ఇంటి జర్నల్ అయింది. 2014 నుంచి, లైబ్రరీలూ పరిశోధన సంస్థలూ కలిసి ఖర్చు భరించే స్కోప్3 ఒప్పందం వల్ల జేహెచ్ఈపీ, ఫిజిక్స్ లెటర్స్ బి, న్యూక్లియర్ ఫిజిక్స్ బి వంటివాటిలో హై ఎనర్జీ పేపర్లకి రచయిత రూపాయి కట్టనక్కర్లేదు. ఓపెన్ యాక్సెస్ ఫీజు అంటూ ఎవరైనా బిల్లు పంపితే ముందు ఇది సరిచూసుకోవాలి.

ఇక లెక్కపెట్టే అలవాటు సంగతి. ఒక జర్నల్ పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లు వస్తాయో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ యూజీన్ గార్‌ఫీల్డ్ ఆలోచన. లైబ్రరీలు జర్నల్‌ని అంచనా వేసుకోవడానికి పనికొచ్చిన కొలత. అది కాస్తా మనుషుల్ని తూచే తూకంరాయి అయి కూర్చుంది. 2005లో జార్జ్ హిర్ష్, ఒక మనిషి పేపర్లనీ వాటి సైటేషన్లనీ కలిపి ఒకే అంకెగా చెప్పే హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. ఆయనా థియరిటికల్ ఫిజిసిస్టే, ఆ పేపర్నీ ముందు ఆర్కైవ్‌లోనే పెట్టాడు. దాని దుష్ఫలితాల గురించి 2020లో ఆయనే స్వయంగా వాపోయాడు.

మన దగ్గర 2010 యూజీసీ నిబంధనలతో ఏపీఐ అనే పాయింట్ల పద్ధతి వచ్చింది. మొదటి రచయిత, కరెస్పాండింగ్ రచయిత కలిసి 60 శాతం, మిగతావాళ్ళంతా 40 శాతం పంచుకోవాలి. కనీసం మొత్తం 100 దాటేది కాదు. 2018 పట్టికలో అదీ పోయింది. ఒక్కరే రాస్తే 100. ఇద్దరైతే చెరి 70, కలిపి 140. ముగ్గురైతే 70, 30, 30, కలిపి 130. నలుగురైతే 160. ముగ్గురి పేపర్ మొత్తం విలువ ఇద్దరి పేపర్ కన్నా తక్కువ, నలుగురిది మళ్ళీ ఎక్కువ! లెక్కలతో బతికేవాళ్ళకి మింగుడుపడని లెక్క ఇది. దీని మీద ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పెంపు వేరే: 2 నుంచి 5 మధ్య 20 పాయింట్లు, 5 నుంచి 10 మధ్య 25. జేహెచ్ఈపీ, ఫిజికల్ రివ్యూ డి రెండూ 5 అటూ ఇటూ తిరిగే జర్నళ్ళు. ఏ సంవత్సరం అంకె చూశారన్నదాన్ని బట్టే ఐదు పాయింట్ల తేడా. స్ట్రింగ్ థియరిస్టు హువాన్ మాల్డసేనా 1997 పేపర్ హై ఎనర్జీ థియరీలో అత్యధికంగా ఉటంకించేవాటిలో ఒకటి. అది వచ్చిన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఈ పట్టికలో పై మెట్టు దాకా ఎక్కదు. హిగ్స్ బోసాన్‌ని ఊహించిన పీటర్ హిగ్స్ అయితే 1964 తర్వాత రాసినవి పదిలోపే. నేరుగా ప్రొఫెసర్ పోస్టుకి మన నిబంధన 10 ప్రచురణలు, 120 స్కోరు అడుగుతుంది.

పట్టిక రాసినవాళ్ళకి థియరీ మీద కక్షేమీ లేదు. వాళ్ళ కళ్ళ ముందున్నది ప్రయోగశాల సైన్స్. తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ సమాచారాన్ని నెలల తరబడి విశ్లేషించినవాళ్ళ పేరు ముందు ఉంటుంది, గైడ్ పేరు చివర. రేర్ ఎర్త్ గాజులు, థిన్ ఫిల్ముల మీద పనిచేసే ల్యాబుల్లోనూ అంతే. అక్కడ వరసకి అర్థం ఉంది, 70-30 ఎంతో కొంత అతుకుతుంది. మరో కొసన హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద 2015లో సెర్న్ ల్యాబ్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగ బృందాలు కలిసి వేసిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. అక్కడ ఈ పట్టిక పెడితే ఏమవుతుందో లెక్క వేయడం కూడా దండగ.

మనవాళ్ళకి దీని మీద ఇంకో చిక్కు, పేరు. రామ, శ్రీనివాస, సుబ్బ, వెంకట అని మొదలయ్యే పేర్లు ఇంగ్లీషు అక్షరమాలలో చివరి తొమ్మిది అక్షరాల్లోనే పడతాయి. పేపర్ మీద ఇంటిపేరు ఒట్టి ఇనిషియల్, పాస్‌పోర్ట్‌లో అదే సర్‌నేమ్. పీహెచ్‌డీ నాటి పేపర్లలో సొంత పేరుతో వరసలో చివర ఉన్న మనిషి, విదేశంలో పోస్ట్‌డాక్ చేసేటప్పుడు ఇంటిపేరుతో మధ్యకి వస్తాడు. స్పైర్స్ స్థానంలో వచ్చిన ఇన్‌స్పైర్‌లో ఒక్క మనిషికి రెండు ప్రొఫైళ్ళు తయారై సైటేషన్లు చీలిపోతాయి. దీనికి మందు తొందరగా వేయాలి: మొదటి పేపర్‌కే ఒక రూపం ఖాయం చేసుకుని, పరిశోధకుల్ని గుర్తించే ఆర్కిడ్ (ORCID) నంబరు తీసుకుని, ఇన్‌స్పైర్‌లో పేపర్లు తనవని క్లెయిమ్ చేసుకోవడం. చిరునామా కూడా అంతే. వేంకటేశ్వర పేరుతో కాలేజీలు ఢిల్లీ దాకా ఉన్నాయి. తిరుపతి అనీ 517502 అనీ రాయకపోతే పేపర్ ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పలేం.

యూజీసీ గుర్తించిన జర్నళ్ళ యూజీసీ-కేర్ జాబితా 2019లో వచ్చి 2025లో పోయింది. పీహెచ్‌డీకి ముందు పేపర్ తప్పనిసరి అన్నది 2022 నిబంధనల్లో ఎత్తేశారు. 2025 జనవరిలో వచ్చిన ముసాయిదా, అంకెల స్కోరు బదులు చెప్పుకోదగ్గ కృషిని చూద్దామంటోంది. అయితే కృషి ఎంతటిదో తేల్చేది మళ్ళీ కమిటీయే. అందులో ఈ రంగం తెలిసినవాళ్ళు ఒక్కరైనా లేకపోతే పాత పట్టికే మేలనిపించే ప్రమాదం ఉంది.

ప్రస్తుతానికి దరఖాస్తు పెట్టేవాళ్ళు చేయగలిగింది కొంత ఉంది. నిబంధనలో మొదటి, ప్రధాన, కరెస్పాండింగ్ అన్న మాటల మధ్య ఏటవాలు గీతలు (/) ఉన్నాయి కాబట్టి మూడింటిలో ఏదైనా చాలు. థియరీ పేపర్‌లో కరెస్పాండింగ్ రచయిత అంటే తరచుగా జర్నల్‌కి అప్‌లోడ్ చేసినవాళ్ళే. ఆ పని ఎవరు చేయాలో పంపకముందే మాట్లాడుకోవాలి, అచ్చులో ఆ గుర్తు పడేలా చూసుకోవాలి. అచ్చయిపోయిన పేపరైతే పేర్లు అక్షరక్రమంలో ఉన్నాయనీ, ఫలానా భాగం ఫలానా వారిదనీ సహ రచయితలందరూ సంతకం పెట్టిన లేఖ జతచేయాలి. ఆ లేఖ ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక కాదు, స్క్రీనింగ్‌కి పంపే మొదటి కట్టలోనే ఉండాలి. పాయింట్లు వేసేది అక్కడే.